రవిక అంచులో మావాళ్ళు

మా వియ్యపురాలు పళ్ళ డాక్టరు. వంకర కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. ఈ ఊళ్ళో సగం మంది పిల్లల పళ్ళకు తీగలు చుట్టి వరసలో నిలబెట్టింది ఆవిడే. ఈ ముక్క నాకు ముందే తట్టి ఉంటే మా అక్క పెళ్ళిరవికను ఆవిడ ఇంటి గుమ్మం తొక్కనిచ్చేదాన్నే కాదు. తట్టలేదు. పెళ్ళి పనుల్లో పడ్డ మనిషికి బుర్ర పనిచేయదని ఊరికే అనరు.

ముందు నా సంగతి చెప్పాలి. బస్టాపు ఎదురుగా నాకొక చిన్న కుట్టుపని కొట్టుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, ఒళ్ళు చేసినవాళ్ళ కోట్లు వదులు చేయడం, చిక్కినవాళ్ళవి బిగించడం. చిక్కేవాళ్ళు తక్కువ. కొట్టు వెనక రెండు గదులు, మధ్యలో ఒక కర్టెను. అక్కడే నేనూ మా దూదీ ఉంటాం. దూది అంటే మా అక్క కూతురు. పుట్టినప్పుడు చేతిలో పెడితే బరువే తెలియలేదు, అందుకే ఆ పేరు పెట్టాను. ఇప్పుడు ఆసుపత్రి ల్యాబులో రక్తాలు పరీక్షిస్తుంది, నాకంటే జానెడు పొడుగుంది, అయినా దూదే.

అక్క పురిటికి సాయంగా వచ్చాను ఈ దేశం. బిడ్డ మెడ నిలబెట్టగానే వెళ్ళిపోదామని ఒక చిన్న పెట్టెతో వచ్చాను. దూదికి మూడో ఏడు నిండకుండానే అక్క జబ్బు చేసి పోయింది. కొన్నేళ్ళకు బావ కూడా పోయాడు. ఇంక పెట్టె సర్దేదెక్కడ? పిల్లకు జడ వేస్తూ, బడికి పంపుతూ, ఊళ్ళోవాళ్ళ జిప్పులు బాగుచేస్తూ ఉండిపోయాను. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకు, మెషీన్ మీంచి లేచే తీరిక దొరకలేదని చెబుతాను. నిజానికి అడిగినవాళ్ళు కూడా ఎక్కువమంది లేరు. అడిగి ఉంటే తీరిక చేసుకునేదాన్నేమో, ఇప్పుడెందుకా గొడవ.

ఇప్పుడు దూదికి పెళ్ళి. పిల్లవాడు ఇక్కడివాడే, లిఫ్టులు బాగుచేస్తాడు. మా గుమ్మంలో తల వంచకపోతే నుదురు పగులుతుంది, అంత పొడుగు. నేను నిచ్చెన అని పేరు పెట్టాను. దూది ఆ పేరుకు అర్థం చెప్పేసింది వాడికి. కోపం తెచ్చుకుంటాడనుకుంటే, మర్నాడు కొట్టుకొచ్చి పైఅరలో దారం రీళ్ళన్నీ దించిపెట్టి, "నిచ్చెన పని అయిపోయింది" అన్నాడు తెలుగులో. నేర్చుకుని వచ్చాడు, దొంగ. ఆ రోజే నాకు నచ్చేశాడు. పైకి మాత్రం కొన్నాళ్ళు ముఖం ముడుచుకునే ఉన్నాను, పిల్లనిచ్చేవాళ్ళం కదా, ఆ మాత్రం బెట్టు ఉండాలి.

తల్లి పళ్ళ డాక్టరు, తండ్రి ఇంటింటికీ ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్. మంచివాళ్ళే. వాళ్ళ భాష నాకు బట్టల వరకే వచ్చు. పొట్టి, పొడుగు, బిగుతు, వదులు, రేపు రండి. వియ్యపురాలితో ఇంతకుమించి మాట్లాడాలంటే మధ్యలో దూది ఉండాల్సిందే. పెళ్ళి సగం మన పద్ధతిలో, సగం వాళ్ళ పద్ధతిలో అనుకున్నాం. మన సగంలో దూది వాళ్ళమ్మ పెళ్ళిచీర కట్టుకుని ఆ రవిక వేసుకుంటుంది. ఇది దూది తనంతట తాను చిన్నప్పుడే తీర్మానించుకున్న సంగతి. పెళ్ళికొడుకు ఎవరో తేలకముందే రవిక తేలిపోయింది.

ఆ రవిక సంగతి చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

మా నాన్న దర్జీ. మా ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. ఎన్ని పెళ్ళిళ్ళకు కుట్టినా తన ఇంట్లో పెళ్ళికూతురి రవికకు మాత్రం నాన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు. వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చిన పద్ధతి. రవిక అంతా తనే కుట్టేవాడు. కింది అంచు మడత మాత్రం మెషీన్ మీద పెట్టేవాడు కాదు. అది చేత్తోనే, అదీ ఇంట్లోవాళ్ళందరూ తలా బెత్తెడు కుట్టాలి. కుట్టు వచ్చినా రాకపోయినా సరే. సూది పట్టుకోవడం తెలియని పసివాళ్ళకు కూడా రెండు వేళ్ళంత వదిలిపెట్టేవాడు.

"ఎందుకు నాన్నా?" అని అడిగాను నేను. అప్పుడు నాకు ఆరేళ్ళు.

"అక్క వేరే ఇంటికెళ్ళిపోతుంది కదమ్మా. అక్కడ కొత్త. ఒక్కదాన్నే అనిపించినప్పుడు మనమంతా దాని నడుము చుట్టూ పట్టుకుని ఉంటాం" అన్నాడు నాన్న, పళ్ళ మధ్య దారం తెంపుతూ.

పెళ్ళికూతురు మాత్రం సూది ముట్టకూడదు. అందరూ పట్టుకునేది తననే, తనను తాను పట్టుకోనక్కర్లేదు.

ఆ రోజు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. కొట్టు తలుపులు ఓరగా వేశారు. బొగ్గుల ఇస్త్రీపెట్టె వాసన. చెవి మీద సుద్దముక్కతో నాన్న. మామిడిపండు రంగు పట్టు రవిక చాప మీద పరిచి ఉంది. నాన్న కుట్టు చీమలబారులా ఉండేది, కొలిచి వేసినట్టు. తర్వాత మా మేనత్త. ఆవిడకు లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు, దారం మీద అసలే లేదు. నాలుగు కుట్లకొకసారి ముడి వేసింది. "అత్తా, అది రవికా, గోనెసంచా?" అని అన్నయ్య నవ్వితే నెత్తిన మొట్టింది. అన్నయ్య వంతొచ్చేసరికి బడి గంట కొట్టేశారు. వాడు చెప్పులేసుకునే కుట్టాడు, అంగుళానికొక కుట్టు, కప్ప గెంతినట్టు. అమ్మ ఒక చూపు సూది మీద, ఒక చూపు పొయ్యి మీద పెట్టి కుట్టింది. అమ్మ కుట్లన్నీ వంటింటి వైపు వాలిపోయాయి. చివర మిగిలిన రెండు వేళ్ళు నావి.

నాకు సూది గుడ్డలోకి దిగలేదు. దిగితే బయటికి రాలేదు. ఏడుపు మొదలుపెట్టాను. అప్పుడు అక్క నా వెనక్కి వచ్చి కూర్చుంది. నా చేతి మీద తన చెయ్యి వేసి, "ఇలా పొడువు, ఇలా లాగు" అంటూ నడిపించింది. గోరింటాకు పండిన ఎర్రటి చెయ్యి. రెండే రెండు కుట్లు. ఒకటి ఆకాశానికి, ఒకటి పాతాళానికి.

మేనత్త చూడనే చూసింది. "ఓసి నీ అఘాయిత్యం కూలా! పెళ్ళికూతురు సూది ముట్టకూడదే!"

"నేను సూది ముట్టలేదత్తా. చెల్లి చెయ్యి పట్టుకున్నాను, అంతే" అంది అక్క.

అందరూ నాన్న వైపు చూశారు. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. "ముడి గట్టిగా వెయ్యండి మరి" అన్నాడు.

ఇదీ రవిక. దూదికి అమ్మ ముఖం గుర్తులేదు. అందుకని కథలు చెప్పమన్నప్పుడల్లా ఈ రవిక తీసి చెప్పేదాన్ని. ఇది తాతయ్య, ఇది అమ్మమ్మ, ఈ ముడుల మేళం తాతయ్య చెల్లెలు, ఈ కప్పగెంతులు మామయ్య. "ఇది అమ్మ!" అని చివరి రెండు కుట్ల మీద వేలు పెట్టేది దూది. ఎంత నిద్రలో ఉన్నా, కళ్ళు మూసుకున్నా, ఆ వంకర దాని వేలికి తెలిసిపోయేది. జ్వరమొస్తే రవిక పక్కన పెట్టుకుని పడుకునేది. నాకిప్పుడు అన్నయ్య తప్ప ఆ అంచులో ఉన్నవాళ్ళెవరూ లేరు. అన్నయ్య అక్కడ నాన్న కొట్టులోనే కుడుతున్నాడు. తుంటి ఎముక విరిగి మంచం నుంచి మెషీన్ దాకా తప్ప కదలలేడు. కాబట్టి పెళ్ళికి మావైపు నుంచి వచ్చే చుట్టాలందరూ ఆ రవికలోనే ఉన్నారని నేను లెక్కేసుకున్నాను.

పెళ్ళికి వారముందనగా పళ్ళ డాక్టరమ్మ కబురు పెట్టింది. చీరకూ రవికకూ నప్పే రంగులో తనూ బట్టలు కొనుక్కుంటుందట, రవిక రెండు రోజులు ఇస్తే బట్టల కొట్టుకు తీసుకెళ్ళి రంగు సరిచూసుకుంటుందట. ముచ్చటేసింది నాకు. నేనే పాత పంచెలో చుట్టి ఇచ్చి పంపాను. అయ్యో, ఏం చెప్పను, నా చేతులతో నేనే ఇచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. డాక్టరమ్మ చేతిలో రిబ్బను కట్టిన పెట్టె. మొహం వెలిగిపోతోంది. ఏదో గొప్ప కానుక తెచ్చినట్టు దూది చేతిలో పెట్టింది. దూది రిబ్బను విప్పి, రవిక తీసి, అలవాటు ప్రకారం అంచు మీద వేలు పెట్టింది. వేలు ఆగిపోయింది. రవిక తిరగేసింది. మళ్ళీ తిరగేసింది.

నేను లాక్కుని చూశాను. అంచు ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఒక్కటే కుట్టు. సన్నగా, తీరుగా, గీత గీసినట్టు. కొత్త దారం.

డాక్టరమ్మ గబగబా చెబుతోంది. దూది నాకు తెలుగులో చెప్పింది. "అంచు అంతా ఊడిపోతోందనుకుందట పిన్నీ. పిన్నిగారు ఊరందరి బట్టలూ కుడతారు, సొంతింటి రవిక చూసుకునే తీరికే లేదు పాపం, అనుకుందట. రెండు సాయంత్రాలు కూర్చుని తనే పాతదంతా విప్పి చేత్తో కుట్టిందట."

"పాత దారం ఏదీ? అడుగు!"

అడిగింది. "పీలికలు పీలికలుగా ఉంటే చెత్తలో వేసేసిందట."

కోపం నషాళానికంటింది. "నీ చేతులు పడిపోనూ! నీకెవరు చెప్పారే కుట్టమని? మా నాన్నను చెత్తలో వేస్తావా? మా అమ్మను, మా అక్కను..." నోటికొచ్చినట్టు తెలుగులో తిట్టాను. పుట్టి బుద్ధెరిగాక అన్ని తిట్లు ఒక్క దమ్మున తిట్టలేదు. డాక్టరమ్మ బిత్తరపోయి, ఏమంటోంది అని దూదిని అడిగింది.

"చాలా శ్రమ తీసుకున్నారు అంటోంది" అంది దూది. అని, అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

ఆ ఏడుపుకు తర్జుమా అక్కర్లేకపోయింది. డాక్టరమ్మ మొహంలో వెలుగంతా పోయింది. పోస్ట్‌మాన్ భార్య భుజం పట్టుకున్నాడు. నిచ్చెన దూది ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏదో అడుగుతున్నాడు. నేను కర్టెను లాగి లోపలికి వెళ్ళిపోయాను. వాళ్ళెప్పుడు వెళ్ళారో చూడలేదు.

కాసేపటికి దూది లోపలికొచ్చింది. నా కోపం ఇంకా దిగలేదు. "వంకరంటే గిట్టని ఇల్లే అది. రేపు నీలో వంకర కనిపిస్తే నిన్నూ విప్పి కుడతారు. ఇంకా మించిపోయిందేం లేదు, ఆలోచించుకో" అన్నాను. అనకూడని మాటే. నోరు జారితే వెనక్కి తీసుకోలేం.

దూది అరవలేదు. అరిచినా బాగుండేది. "పిన్నీ, పోయింది మా అమ్మ కుట్టు. నీ ఒక్కదానికే పోయినట్టు మాట్లాడకు" అంది. "అతనికి చెప్పాను. అతనూ ఏడ్చాడు. పెళ్ళి మానను. కానీ ఆ రవిక మాత్రం వేసుకోను. అందులో ఎవరూ లేరిప్పుడు. నాకు వేరే రవిక కుట్టిపెట్టు, ఏ గుడ్డయినా సరే."

ల్యాబుకు డ్యూటీ టైమైందని బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

వేరే రవిక కుట్టడం నాకొక పనా? గుడ్డ తీశాను. సుద్ద తీశాను. చెయ్యి సాగలేదు. ఈ పిల్ల ఎవరూ లేని రవిక వేసుకుని కొత్త ఇంటికి వెళుతుంది. ఎవరూ లేని పిల్లలాగే వెళుతుంది. నేనుండి ఏం లాభం? అక్క నాకప్పగించింది రెండే, పిల్లా, ఆ రవికా. రెండోది కాపాడలేకపోయాను. దుఃఖం ఆగలేదు నాకు. కుట్టుమెషీన్ మీద తల పెట్టుకుని పెద్దగా ఏడ్చాను. ఎవరో ప్యాంటు కోసం వచ్చి, చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయారు.

ఏడుపయ్యాక మళ్ళీ కోపమే వచ్చింది. కనీసం ఆవిడ కుట్టు మా రవిక మీద ఉండటానికి వీల్లేదనుకున్నాను. కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుని టకటకా మొత్తం విప్పేశాను. అంచు మడత విచ్చుకుంది. దారం తుక్కు దులపడానికి రవికను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎండకు పట్టాను.

ఎండ సూది మొనలంత చుక్కలుగా బట్టలోంచి ఇవతలికి వచ్చింది.

పట్టుకు ఒకసారి సూది దిగితే ఆ బెజ్జం పూర్తిగా పూడదు. అందులోనూ అన్నేళ్ళు దారం కూర్చున్న బెజ్జం. ఈ సంగతి నాకు తెలియక కాదు, రోజూ గిరాకీలకు చెప్పేదే, "పట్టండీ, విప్పితే మచ్చ ఉంటుంది, తర్వాత నన్ననకండి" అని. నా ఇంటిదాకా వచ్చేసరికి మరిచిపోయాను. డాక్టరమ్మ బెజ్జాలు కొత్తవి, సన్నవి, ఒకే వరసలో ఉన్నాయి. వాటికి పైనా కిందా పాతవి. చీమలబారు. ముడులు పడ్డచోట గుంపులు. కప్పగెంతులు. వంటింటి వైపు వాలినవి. చివర, ఒకటి ఆకాశానికి, ఒకటి పాతాళానికి.

అందరూ ఉన్నారు. ఒక్కరూ ఎక్కడికీ పోలేదు. "ఓరి దేవుడా" అని అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, ఏది ముందొస్తే దాన్ని రానిచ్చాను.

వెంటనే సూదిలో దారం ఎక్కించాను. అవే బెజ్జాల్లోంచి తిరిగి కుట్టేస్తే సరి. సూది గుచ్చబోయి ఆగిపోయాను. ఒక్క చేత్తో పూర్తికాకూడదు కదా ఆ అంచు! నేనొక్కదాన్నే కూర్చుని ఐదుగురి కుట్లూ దొంగసంతకాల్లా వేస్తే అది పద్ధతెలా అవుతుంది? అన్నయ్యకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. తిట్లతో సహా.

వాడు మొదట నవ్వాడు. "అన్ని తిట్లూ గుర్తున్నాయన్నమాట, తెలుగు మరిచిపోలేదు" అన్నాడు. తర్వాత, "ఒక్కదానివే కుట్టకు. నాన్న ఊరుకోడు" అన్నాడు.

"మరేం చెయ్యమంటావు? ఇక్కడ మనకెవరున్నారు? దూది ముట్టకూడదు, నువ్వేమో అక్కడ. ఇంకెవరి చేతులు తేవాలి నేను?"

"పెళ్ళి ఎవరితో చేస్తున్నావే మరి?" అన్నాడు అన్నయ్య.

ఫోన్ పెట్టేశాను. చేతులు పడిపోవాలని తిట్టిన మనిషిని చెయ్యి వెయ్యమని పిలవాలా? చచ్చినా పిలవను, అనుకున్నాను. టీ పెట్టుకుని తాగాను. పిలవను, అనుకున్నాను. కప్పు కడిగాను. రవిక మళ్ళీ కిటికీకి పట్టి చూశాను. ఆ ఎండ చుక్కల్ని చూస్తూ బెట్టు చేయడం నా వల్ల కాలేదు.

మధ్యలో దూది లేదు. నాకొచ్చిన బట్టల భాషలోనే ఫోన్లో చెప్పాను. "రేపు రండి. అందరూ. సూది ఇస్తాను. పొడుగు కుట్టు, పొట్టి కుట్టు, వంకర కుట్టు కావాలి."

అవతల నుంచి ఒకే మాట అంది డాక్టరమ్మ. "వస్తాను."

మర్నాడు మధ్యాహ్నం కొట్టు తలుపులు ఓరగా వేశాను. నేల మీద దుప్పటి పరిచాను. దారాల డబ్బాకు ఫోన్ ఆనించి పెట్టాను, అందులో అన్నయ్య, కళ్ళజోడు ముక్కు చివరికి జారి, అచ్చం నాన్నలా. దూదికి కిటికీలో ఎండ చూపించాను. అది చుక్కలన్నీ వేలితో తడిమి, చివరి రెండింటి దగ్గర ఆగి, నన్ను వాటేసుకుంది. "నువ్వు పెళ్ళికూతురివి. దూరంగా కూర్చో, చేతులు ఒళ్ళో పెట్టుకో" అని కసిరాను, నాకు మళ్ళీ ఏడుపొస్తుందని.

వాళ్ళు ముగ్గురూ వచ్చి దుప్పటి మీద కూర్చున్నారు. నిచ్చెనకు కాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియక మెషీన్ కిందికి చాపుకున్నాడు. దూది ఒక్కొక్కరి కథా వాళ్ళకు చెప్పింది. విన్నాక డాక్టరమ్మ నా వైపు తిరిగి ఏదో అంది.

"చిరుగు అనుకున్నాను, మనుషులని నాకెవరూ చెప్పలేదు అంటోంది పిన్నీ."

ఉన్న మాటే. పంచెలో చుట్టి ఇచ్చానే తప్ప లోపల ఎవరున్నారో నేనూ చెప్పలేదు. "నిన్న నేనన్నదేమిటో ఆవిడకు నిజం చెప్పు" అన్నాను దూదితో.

"అన్నీనా?"

"రెండు మూడు చెప్పు చాలు."

చెప్పింది. డాక్టరమ్మ తన రెండు చేతులూ చాపి తిప్పి చూసుకుంది, పడిపోలేదు కదా అన్నట్టు. పోస్ట్‌మాన్ ముందు నవ్వాడు, తర్వాత ఆవిడ, తర్వాత నేను.

నాన్న బెత్తెడు ఆవిడకే ఇచ్చాను. చీమలబారు కుట్టు ఈ ఊళ్ళో వెయ్యగలిగింది ఆవిడొక్కతే, నిన్న కళ్ళారా చూశాను కదా. పాత బెజ్జం వెతుక్కుని, దాంట్లోంచే సూది దించి, దాంట్లోంచే తీసింది. ఒక్కటీ తప్పలేదు. ఫోన్లోంచి అన్నయ్య గొంతు, "అమ్మో, నాన్నే!" అంది. మేనత్త ముడులు పోస్ట్‌మాన్‌కు ఇచ్చాను. జీవితమంతా ఉత్తరాల కట్టలు కట్టిన మనిషి, ముడి వేసి, లాగి, అనుమానంగా మళ్ళీ లాగి చూశాడు. మేనత్త బతికి ఉంటే ఆయన్నొక్కణ్ణి నమ్మేది. అన్నయ్య కప్పగెంతులు నిచ్చెనవి. వాడు ఊపిరి బిగబట్టి బెజ్జం బెజ్జం చూసుకుని కుడుతుంటే ఫోన్లోంచి కేకలు. "ఏమయ్యా, అలా నానుస్తావేంటి? బడి గంట కొట్టేశారు! కానీ, కానీ!" దూది అది చెప్పగానే వాడు నిజంగానే కంగారుపడి వేలు పొడుచుకున్నాడు. అమ్మది నేను కుట్టాను. నా చెయ్యి ముడతలు పడి ఈ మధ్య అమ్మ చెయ్యిలాగే కనిపిస్తోంది. అమ్మ కుట్లు వాలినవైపే సూదిని వాల్చాను. పొయ్యి మీద ఏమీ లేకపోయినా ఒకసారి అటు చూశాను.

చివర రెండు వేళ్ళు మిగిలాయి. నావి.

కుట్టబోతే రాలేదు. నవ్వకండి, నిజంగానే రాలేదు. ఇన్నేళ్ళు తిన్నగా కుట్టిన చెయ్యి, వంకర బెజ్జంలోకి పొమ్మంటే పోదు. ఆకాశం వైపు పెట్టాల్సిన సూది తనంతట తాను వరసలోకి వచ్చేస్తోంది. ఒకసారి, ఇంకోసారి. కళ్ళలో నీళ్ళు తిరిగి బెజ్జం రెండుగా కనిపించింది. అందరి కుట్లూ పడ్డాయి, అక్కది మాత్రమే పడటం లేదు. దానికోసమే కదా ఇదంతా. చేతకాక, ఆరేళ్ళ పిల్లలా ఏడుపొచ్చేసింది నాకు.

వెనక నుంచి ఎవరో వచ్చి కూర్చున్నారు. నా భుజం మీద గడ్డం ఆనింది. నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది, వెచ్చగా, మెత్తగా. "ఇలా పొడువు పిన్నీ. ఇలా లాగు." సూది ఆకాశానికి వెళ్ళింది. తర్వాత పాతాళానికి వెళ్ళింది.

"ఏయ్!" అన్నాను తేరుకుని. "పెళ్ళికూతురివి, సూది ముట్టకూడదే!"

"నేను సూది ముట్టలేదు" అంది దూది, నా చెయ్యి వదలకుండానే. "మా పిన్ని చెయ్యి పట్టుకున్నాను, అంతే."

డాక్టరమ్మకు ఆ మాటల అర్థం తెలియదు, అయినా కళ్ళు తుడుచుకుంటోంది. నేను ఫోన్ వైపు చూశాను. అన్నయ్య కళ్ళజోడు తీశాడు. తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు.

"ముడి గట్టిగా వెయ్యండి మరి" అన్నాడు.